కత్తెర కటింగు మాస్టరుకే, ఒక షరతు మీద

నేను, వయసు అరవై ఒకటి, వృత్తి కుట్టుపని, ఈ వీధిలో టైలరమ్మ అంటే పలికే మనిషిని, ఎవరి ప్రోద్బలమూ బలవంతమూ లేకుండా నా సొంత చేతిరాతతో రాసి ఉంచుతున్న వీలునామా. తొమ్మిదేళ్లుగా ఆసుపత్రివాళ్లు నా రక్తాన్నీ పేగునీ కాలేయాన్నీ పరీక్షించి, ఒక్కసారి తప్ప, బాగున్నాయనే రాసిచ్చారు. బుద్ధిని మాత్రం ఎవరూ పరీక్షించలేదు కనుక ఆ సర్టిఫికెట్టు నేనే ఇచ్చుకుంటున్నాను. అది స్థిరంగానూ పదునుగానూ ఉంది.

చావు దగ్గరపడి రాస్తున్నానని ఎవరూ కంగారు పడొద్దు. పోయిన మంగళవారం డాక్టరుగారు రిపోర్టు చూసి, "ఇక రెండేళ్లకోసారి వస్తే చాలమ్మా" అన్నారు. కొలతలు మనిషి నిలబడి ఉన్నప్పుడే తీసుకోవాలి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. పైగా ఇది నేను పోయాక చదివే కాగితం కాదు. సంతకాలు కాగానే ఒక నకలు నా తమ్ముడి చేతికి అందవలెను. ఎందుకో ఆరో అంశంలో ఉంది. తొందరపడి ముందే అక్కడికి పోవద్దని వాడికి మనవి.

దీన్ని అమలు జరిపే బాధ్యత నా మేనకోడలిది, అంటే ఆ తమ్ముడి కూతురిది. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా. వాళ్ల నాన్న మా గడప తొక్కక ఆరేళ్లయినా, ఈ పిల్ల వారానికి మూడుసార్లు వెనక మెట్లెక్కి వస్తూనే ఉంది. చిత్తుప్రతి చదివి, "అత్తా, వీలునామాలో ఆస్తులు రాస్తారు, చాడీలు కాదు" అంది. చాడీలు కూడా నా స్వార్జితమే కనుక ఉంచేశాను. ఆరో అంశం మాత్రం ఆమె వెళ్లాక రాశాను.

1. కింద కొట్టు పోను, పైనున్న రెండు గదులూ వంటిల్లూ మా ఆయనకు జీవితాంతం, తదనంతరం మేనకోడలికి సర్వహక్కులతో చెందవలెను. తొమ్మిదేళ్ల కిందట పేగు కాన్సరుకు చేసిన ఆపరేషన్‌లో పేగు కొసను పొట్ట ఎడమ పక్కకు తెచ్చి కుట్టారు. మలం పడడానికి దాని మీద సంచి అతికించుకోవాలి, జీవితాంతం. మొదటి ఆరు వారాలు నేను అటువైపు చూడనేలేదు. గడియారాలు బాగుచేసే మా ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, సంచి అంచును సరిగ్గా కొలతకు కత్తిరించి, ఒక్కసారి కూడా మొహం చిట్లించకుండా అతికించేవారు. "దీనికంటే ఆడవాళ్ల వాచీ కష్టం" అనేవారు. ఆ మాటకు నవ్వితే కుట్లు లాగాయి. ఆయనంటే నాకు ప్రాణం. ముప్పై ఏళ్లలో నోరు తెరిచి చెప్పలేదు కనుక ఇక్కడ నమోదు చేస్తున్నాను. కుట్టేటప్పుడు నేను వేలికి పెట్టుకునే ఇత్తడి టోపీ కూడా ఆయనకే. చిటికెన వేలికి సరిపోతుంది. మధ్యాహ్నం కునుకు తీస్తుండగా కొలిచి చూశాను.

2. గోధుమరంగు కాగితం మీద కత్తిరించిన పద్నాలుగు నమూనాలు, సంచి తొడుగులవీ, నడుంపట్టీ రెండంగుళాలు పైకి జరిపిన ప్యాంట్లవీ లంగాలవీ, ఆసుపత్రిలో సంచుల సిస్టరుకు చెందవలెను. ఆవిడ అసలు పని సంచి ఎలా మార్చుకోవాలో నేర్పడం. కానీ నన్ను మళ్లీ మిషన్ ముందు కూర్చోబెట్టింది కూడా ఆవిడే. మూడో వారంలో నా మంచం పక్కన నిలబడి, "ఏడవాలంటే ఏడవండి, కానీ ఈ తొడుగు చూడండి, ఎంత దరిద్రంగా కుట్టారో" అంది. నిజంగానే దరిద్రంగా ఉంది. అంచు కూడా మడవలేదు. అదే రోజు సూదీదారం తెప్పించుకున్నాను. అప్పటినుంచి ప్రతి మంగళవారం మిగిలిన గుడ్డలతో కుట్టిన తొడుగులు తీసుకెళ్తున్నాను. కొత్తగా ఆపరేషనైనవాళ్లకు చొక్కా పైకెత్తి నా సంచి చూపిస్తాను. పూలదీ గళ్లదీ ఏదో ఒక తొడుగు ఉంటుంది. ముందు బిత్తరపోతారు, తర్వాత తమ సైజు చెప్తారు.

3. బీరువా పైఅరలో ఉన్న బూడిదరంగు ఉన్ని కోటు, ఒక చెయ్యి మాత్రమే కుట్టినది, మూల మీద మేడింటావిడకు చెందవలెను. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన నెలలో, "మీరు కుడితే బట్టలకు వాసన రాదు కదా?" అని కొట్టు మధ్యలో నిలబడి అడిగింది. రెండో చెయ్యి ఆ క్షణాన ఆపేశాను. ఇన్నేళ్లూ చిమటలు పట్టకుండా ఆ కోటును జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాను. అలాగే, ఒంటిచేత్తోనే అప్పగించవలెను.

4. నూనె సీసాలు మొత్తం పదకొండు, బొత్తాల కొట్టాయనకు. నాకు సంచి ఉన్నట్టుండి గుడగుడమంటుంది. కొలతలు తీసేటప్పుడు ఆ చప్పుడు వినిపిస్తే, "మిషన్‌కు నూనె వెయ్యాలి" అనేదాన్ని. మిషన్ గదికి అవతల మూల ఉండేది. ఆ పెద్దమనిషి అన్నీ తెలిసి కూడా ప్రతి పండక్కీ ఒక సీసా పంపేవాడు, ఏమీ ఎరగనట్టు.

5. ఆసుపత్రి ఫైలు మేనకోడలికి. ఏ ఏడు ఏ పరీక్ష, దేనికెంత వచ్చింది, అన్నీ వరసన ఉన్నాయి. మన రక్తంలో ఏముందో నీకూ తెలిసి ఉండాలి తల్లీ. నలభై దాటగానే నువ్వూ వెళ్లి చూపించుకో.

6. ఇక కింది కొట్టు, కటింగు బల్ల, నాన్న వాడిన పెద్ద కత్తెర. ఇవి నా తమ్ముడికి, కటింగు మాస్టరుకు, ఈ దిగువ షరతు మీద చెందవలెను.

షరతు కంటే ముందు జరిగింది రాయాలి. నా ఆపరేషన్ అయిన మూడో ఏడు, తమ్ముడు నాతోపాటు ఈ కొట్లోనే కటింగు చేసేవాడు. ఒకరోజు నేను గుడ్డ కొనడానికి వెళ్లినప్పుడు ఫోన్ మోగింది. వాడు స్కూలు యూనిఫారాల హడావుడిలో, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి ఉన్నాడు. అవతలివాళ్లు, "గురువారం ఖాయమేనా అండీ?" అన్నారు. టైలరు కొట్లో ఫోన్ మోగితే ఎవరో బట్టల కోసం వెంటపడుతున్నారనే లెక్క. వాడు తల కూడా ఎత్తకుండా, "ఈ గురువారం కుదరదండి, పై నెల చూద్దాం" అని పెట్టేశాడు. అది ఆసుపత్రి నుంచి. గురువారం నా స్కాను. ఇలాంటి పొరపాటు మా వృత్తిలో తప్ప భూప్రపంచంలో ఇంకెక్కడా జరగదు.

నాలుగు నెలల తర్వాత స్కాను తీస్తే కాలేయం మీద మచ్చ కనిపించింది. రెండో ఆపరేషన్. బతికి బయటపడ్డాను. కానీ ఆపరేషన్‌కు వెళ్లే ముందు, నలుగురి ముందూ, "చివరికి నా ప్రాణానికి కూడా వాయిదా చెప్పావు కదరా" అన్నాను. వాడు చేతిలో ఉన్న కత్తెర బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఎదురు వరసలో వేరే కొట్టు పెట్టుకున్నాడు. ఆరేళ్లుగా వాడి వీపూ, నా వీపూ ఒకరికొకరు చూపించుకుంటూ కుడుతున్నాం.

ఒరేయ్, ఇక్కణ్నుంచి నీకే రాస్తున్నాను. నువ్వు ఆ రోజు ఆర్డర్ల పుస్తకంలో "గురువారం, ఫోన్, పై నెలకు" అని రాశావు. సాయంత్రం నేను చూశాను. ఆ గురువారం ఇవ్వాల్సిన బట్టలేమీ లేవు. నా స్కాను ఒక్కటే ఉంది. చూడగానే అర్థమైపోయింది. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. రోజూ పెట్టినట్టే ఆ వరస పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టి పుస్తకం మూసేశాను. స్కాను వారం వచ్చిందంటే నాకు సూదిలో దారం ఎక్కేది కాదురా, అంత భయం. ఆ వారం మాత్రం హాయిగా కుట్టుకున్నాను. తర్వాత నెలా, ఆ తర్వాత నెలా కూడా నోరు విప్పలేదు. వాయిదా వేసింది నువ్వు ఒక్కసారి, నేను నాలుగు నెలలు. నా పిరికితనమంతా నీ నెత్తిన రుద్ది, ఆరేళ్లు పెద్దమనిషిలా తిరిగాను. తప్పు నాది. ఇది స్థిరబుద్ధితో, సాక్షుల ఎదుట రాస్తున్నాను.

షరతు. రక్తం పడుతుంటే నాన్న మొలలే అనుకుంటూ పోయాడు. నేనూ ఏడాదిపాటు అదే అనుకున్నాను. పోయిన నెల నువ్వూ, "ఏం లేదు, మొలలు" అన్నావట. మీ అమ్మాయి నా ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తూ చెప్పింది. ఈ నెల ఇరవై రెండు, గురువారం, ఉదయం ఏడున్నరకు నీ పేరున పరీక్ష రాయించాను. పేగులోకి కెమెరా గొట్టం పంపి చూస్తారు. మత్తిస్తారు, నీకేమీ తెలియదు. ముందురోజు ఏం తాగాలో, ఏం తినకూడదో సంచుల సిస్టరు చెప్తుంది. చిన్న మొగ్గ దశలో దొరికితే అక్కడికక్కడే కత్తిరించేస్తారు. కత్తిరింపు గురించి నీకు చెప్పేదేముంది? అంతకు మించి ఏదైనా ఉంటే, దానికి దారి ఎలా ఉంటుందో తెలిసిన అక్క నీకుంది. దారంతా నడిచి వచ్చి కొట్టు తెరుచుకుని కూర్చున్నాను. నిన్నూ నడిపిస్తాను. పరీక్ష గది బయట బెంచీ మీద, గట్టి చోట కూర్చోలేక వెంట తీసుకెళ్లే నా మెత్త వేసుకుని కూర్చుని ఉంటాను.

7. పై తారీఖున నా తమ్ముడు పరీక్షకు రాని పక్షంలో, కొట్టూ బల్లా కత్తెరా, మూడో అంశంలోని కోటుతో సహా, మేడింటావిడకే సర్వహక్కులతో చెందును. ఇందులో మార్పు లేదు.

ఇంతకుముందు ఏ కాగితం మీద ఏం రాసినా అది చెల్లదు. చెల్లేది ఇదొక్కటే.

మార్చి పన్నెండు, సోమవారం, కొట్టు మూసే ముందు.

సంతకం: టైలరమ్మ

సాక్షులు:
సంచుల సిస్టరు
బొత్తాల కొట్టాయన (నాలుగో అంశం వద్దనుకుని, సీసాలు ఆవిడ దగ్గరే ఉంచుతూ)

నకలు ముట్టినట్టు రసీదు, మార్చి పదమూడు:
ఆ పేజీలో నీ ఎర్ర టిక్కు నేను అప్పుడే చూశాను అక్కా. ఆ గురువారం ఏడింటికే మీ గుమ్మం ముందుంటాను. కత్తెర సాన పట్టించి ఉంచు.
కటింగు మాస్టరు