రోకలి బదులు గంటె

బాలవ్వక్కకు శనార్తులు.

మన ఊరి గంగన్న గల్ఫ్ నుంచి ఇంటికొస్తుండు. ఆయన చేతికి ఈ ఉత్తరం, నీ నుదుటి దెబ్బకు మలాం ఇచ్చి పంపుతున్న. ఫోన్‌ల అడిగితే "నాకేం కాలేదురా" అని పెట్టేస్తవు, అందుకే రాస్తున్న.

రాళ్లవాన ఆగాలని, అమ్మ చేసినట్టే రోకలి తెచ్చి వాకిట్ల పడేయనీకి ఉరికితే రాయి నుదుటికి తగిలిందట. మక్కచేను పోతే పోయింది, నీకేమన్న అయితే నాకెవరున్నరక్కా?

పోచమ్మకు బోనం తియ్యలేదని, అందుకే రాళ్లు పడ్డయని ఏడుస్తున్నవట. మా రూంల ఉండే జగిత్యాల ముజఫ్ఫర్ అలీ భాయ్ రోజూ పేపర్ చదువుతడు. భూమికి ఉత్తరం కొసన సముద్రం మీది మంచు కరిగిపోతున్నదట. దానితోని పైగాలులు దారి తప్పి అకాల వానలు పడుతున్నయేమోనని పెద్ద చదువులోళ్లు ఇంకా వాదులాడుకుంటున్నరట. ఇక్కడ దుఖాన్ ఊరి నూనెబావులల్ల మేం తీసే నూనె కాలిన పొగకే ఆ మంచు కరుగుతదట. పోచమ్మ తల్లి అలిగితే మా మీద అలగాలె, నీ మీద ఎందుకు అలుగుతది?

మొన్న ఇక్కడ కూడా రాళ్లు పడ్డయి. రేకుల మీద చప్పుడు వినంగనే నువ్వు యాదికొచ్చినవు. క్యాంప్‌ల రోకలి ఎక్కడిది? కూర గంటెనే గడప బయట పడేసిన. భాయ్ పగలబడి నవ్విండు. కొంచెంసేపటికి తన గంటె కూడా తెచ్చి పక్కన పెట్టిండు.

"మా అమ్మీ కూడా ఇంట్ల ఒక్కతే ఉన్నది" అన్నడు.

ఇగ నువ్వు వానల బయటికి రాకు. ఆ పని ఇక్కడ మేం చూసుకుంటం.

నీ తమ్ముడు