కుడి పక్క బద్దలు

ఫిబ్రవరి 9, సోమవారం

వంట రెండు పూటలా అయింది. బట్టలు రెండు బకెట్లు ఉతికాను, ఒకటిన్నర ఆరాయి, మిగతావాటికి మబ్బు అడ్డమొచ్చింది. సింకు కింద కారుతున్న గొట్టానికి గుడ్డ చుట్టాను. ప్లంబరు రేపన్నాడు, అంటే ఎల్లుండి. బీరువా పైభాగం దులపడం మిగిలింది.

నా పిడుగుకి,

నీ ఉత్తరం శనివారం చేరింది. ఫోనుండగా అమ్మ ఉత్తరం రాయడమేమిటని నవ్వుకోకు. ఫోనులో మాట్లాడితే హాల్లోకి వినిపిస్తుంది. మీ నాన్న హాల్లోనే కూర్చుంటారు. పేపరు అడ్డం పెట్టుకుంటారు గానీ పేజీ తిప్పరు.

ఏప్రిల్లో మీ ఓడ మరమ్మతుకి ఆగుతుందనీ, పది రోజులు సెలవిస్తారనీ రాశావు. "నాన్న ఊ అంటేనే వస్తానమ్మా, లేకపోతే ఇంకో ఓడకి సంతకం పెట్టేస్తాను" అన్నావు. అంటే మళ్ళీ తొమ్మిది నెలలు. మార్చి పదిహేను లోపల మీ ఆఫీసుకి చెప్పాలట. నేనింకా ఆయన్ని అడగలేదే. రోజూ అడుగుదామనే పళ్ళెం పెడతాను, మంచినీళ్ళు పెడతాను, ఆ మాట మాత్రం ముందు పెట్టలేకపోతున్నాను. అడగనంతసేపూ ఆయన వద్దన్నట్టు కాదు కదా. ఆ ధైర్యంతో రోజులు నెట్టుకొస్తున్నాను.

ఆయన మనసు ఎక్కడ విరిగిందో నీకు తెలుసు. నీ ఇంజనీరింగు అయ్యాక ఏడాది దుకాణంలో కూర్చున్నావు. ఆయన మురిసిపోయి కళ్ళజోళ్ళ దుకాణానికి కొత్త బోర్డు రాయించారు, "తండ్రీ కూతుళ్ళ కళ్ళజోళ్ళు" అని. గల్లా వెనక నీకని మెత్తటి కుర్చీ కూడా కొన్నారు. బోర్డు ఎక్కించిన మర్నాడే నువ్వు ఓడలో ఉద్యోగం వచ్చిందని, వారంలో బయల్దేరాలని చెప్పావు. వీధిలో వాళ్ళింకా శుభాకాంక్షలు చెబుతూనే ఉన్నారు. ఆయన నిచ్చెన వేసుకుని "కూతుళ్ళ" అన్నచోట నీలం రంగు పూసేశారు. "తండ్రీ కళ్ళజోళ్ళు" అని మిగిలింది. కొత్తగా వచ్చినవాళ్ళు, ఏమండీ తల్లులకి అమ్మరా అని అడుగుతుంటారట. ఎండ పడితే ఇప్పటికీ ఆ రంగు కింద నీ అక్షరాలు కనబడతాయి. ఆ రోజు ఇంటికొచ్చి "దాని పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దు" అన్నారు. మూడేళ్ళుగా నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. గల్లా వెనక కుర్చీ మాత్రం అలాగే ఉంది. దాంట్లో ఎవర్నీ కూర్చోనివ్వరు.

ఇంకో సంగతి కూడా ఈ చేత్తోనే రాసేస్తాను. ఆ తెరచాప ఓడ బొమ్మ కట్టుకునే పెట్టె తెచ్చుకున్నప్పటి నుంచి ప్రతి ఆదివారం కిటికీ బల్లకి అటు ఆయన, ఇటు నువ్వు. మధ్యలో పొడుగాటి వెన్ను, దానికి పక్కటెముకలు, వాటి మీద వేలెడు వెడల్పు కూడా లేని చెక్క బద్దలు. ఎడమ పక్క బద్దలు ఆయనవి, కుడి పక్కవి నీవి. ఆయన ఒకటి వేస్తే నువ్వొకటి. నువ్వు వేస్తే గాని ఆయన రెండోది ముట్టేవారు కాదు. ఆ బల్ల దగ్గర రెండే కుర్చీలు. నేను టీ గ్లాసులు పెట్టి, జిగురు వాసన అని గొణిగి, కిటికీ తెరిచి వెళ్ళిపోయేదాన్ని. "నువ్వూ కూర్చో" అని ఒక్కరూ అనలేదు. పనుంటుంది కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. కానీ గుచ్చుకునేది. లెక్కలు రాసుకునే మనిషిని కాబట్టి మనసులో ఒక పద్దు రాసుకున్నాను: మీ నాన్న నాకు ఒక కుర్చీ బాకీ.

రేపు బీరువా పైన దులుపుతాను. నీ ఓడ అక్కడే ఉంది, పాత దుప్పటి కింద.

మీ అమ్మ


ఫిబ్రవరి 23, సోమవారం

వంట ఒక పూటే, మధ్యాహ్నం మిగిలింది రాత్రికి సరిపెట్టాను. ప్లంబరు వచ్చాడు, గొట్టం మార్చాడు, నేల తుడవడం నాకు మిగిల్చాడు. కర్టెన్లు ఉతికాను. బద్ద ఒకటి వేశాను.

పిడుగూ,

చివరి మాట తప్పు రాయలేదు. చెబుతాను.

దులపడానికి ఓడని కిందికి దించాను. దుప్పటి తీస్తే ఓడ మూతి తిప్పుకుని కూర్చుంది. నిజంగానే ముక్కు ఎడమకి తిరిగింది. చెమ్మకి చెక్క వంగిందనుకున్నాను. తర్వాత బద్దలు లెక్కపెట్టాను. నువ్వు వెళ్ళిన రోజున రెండు పక్కలా ఏడేసి ఉండేవి. ఆ రోజు దుప్పటి కప్పింది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు. ఇప్పుడు కుడి పక్క ఏడే ఉన్నాయి. ఎడమ పక్క పది.

పెట్టెలో ఉన్న పుస్తకం తీసి చదివాను. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో ఉంది. బద్దలు ఇటొకటి అటొకటి వేసుకుంటూ పోవాలి, ఒక్క పక్కే వేస్తే జిగురు ఆరేటప్పుడు లాగి వెన్ను వంకర పోతుంది. ఆ సంగతి మీ నాన్నకి తెలియదా? వెంట్రుక మందం మరకి మరమేకు బిగించే మనిషి. తెలిసే వేశారు. తన పక్కవి తను వేసుకున్నారు, నీ పక్కవి ముట్టుకోలేదు. ఓడ వంకరపోయినా పరవాలేదనుకున్నారు గానీ నీ చోట చెయ్యి పెట్టలేదు. ఈ మూడేళ్ళలో నేను కూరగాయలకి వెళ్ళినప్పుడో, మా అక్కయ్య ఇంటికి వెళ్ళినప్పుడో దుప్పటి తీసి ఉంటారు. నేను వచ్చేసరికి మళ్ళీ పేపరు అడ్డం. దుప్పటి అంచు దగ్గరే కూర్చుండిపోయాను.

తర్వాత లేచాను. ఓడ విరిగిపోతుంది కదా అలా వదిలేస్తే. ఆయన మధ్యాహ్నం దుకాణంలో ఉంటారు. బద్దని పళ్ళెంలో నానబెట్టి, కెటిల్ ఆవిరి మీద మెల్లగా వంచాను. పక్కటెముకలకి జిగురు రాసి బట్టల క్లిప్పులు పెట్టాను. కుడి పక్క ఎనిమిదోది. ఎదురింటి వదిన పంచదారకొచ్చి చూసి, "వంటింట్లో ఓడేంటి వదినా? ఎక్కడికి ప్రయాణం? అన్నయ్యగారికి చెప్పే వెళ్తున్నావా?" అంది. "టికెట్టు దొరికితే నిన్నూ తీసుకెళ్తాలే" అన్నాను. సాయంత్రానికి ఓడని బీరువా మీదికి ఎక్కించేశాను.

మర్నాడు కూరగాయల నుంచి వచ్చాక చూశాను. నేను వేసిన బద్ద అంచు ఎవరో ఉప్పుకాగితంతో నున్నగా రుద్దారు. నేను రెండే క్లిప్పులు పెట్టిన చోట మూడోది ఉంది.

అన్నం పెడుతూ ఆయన మొహం చూశాను. "ఉప్పు తగ్గింది" అన్నారు. నేను ఉప్పు డబ్బా జరిపాను. అంతే. ఇంకా అడగలేదే తల్లీ, కానీ ఈ క్లిప్పు చూశాక అడగొచ్చేమో అనిపిస్తోంది.

మీ అమ్మ


మార్చి 8, ఆదివారం

వంట మాడింది. బట్టలు నానబెట్టినవి నానబెట్టినట్టే ఉన్నాయి. నేల తుడవలేదు. ఇవాళ్టి పనుల లెక్క ఇంతే, పెళ్ళయ్యాక ఇంత తక్కువ ఎప్పుడూ రాయలేదు.

పిడుగూ,

మొదట జరిగిన అఘాయిత్యం చెప్పేస్తాను. పదిహేనో తారీకు దగ్గర పడుతోంది. కుడి పక్క ఇంకా రెండు తక్కువ. తక్కువ ఉందంటే నాకు నిద్ర పట్టదని తెలుసుగా. నిన్న మధ్యాహ్నం ఆ రెండూ ఒక్క ఊపులో వేసేశాను. ఆయన రాత్రి చూసి ఊరుకుంటారు, అప్పుడు మెల్లగా నీ మాట తీద్దామని నా ఎత్తు. పొద్దున కూరగాయలు తీసుకుని వచ్చేసరికి ఓడ కిటికీ బల్ల మీద ఉంది. దుప్పటి లేదు. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. పచ్చి బద్దలు రెండూ కలిసి లాగేసి ఓడ నడుం దగ్గర మెలిపడింది. ముక్కు ఎడమకి, తోక కుడికి.

"ఎవరు వెయ్యమన్నారు నిన్ను రెండు ఒకేసారి?" అన్నారు.

"సమానం చేద్దామని..."

"సమానం! ఇదేమన్నా పాలవాడి లెక్కా? ఒకటి ఆరాలి. ఆరాక ఇంకోటి. అది ఎప్పుడైనా ఇలా వేసిందా? గంటసేపు పట్టుకు కూర్చునేది, చెయ్యి తిమ్మిరెక్కినా వదిలేది కాదు. దాని పక్కంతా పాడుచేశావు!"

సంచి కింద పెట్టడం మర్చిపోయాను నేను. మూడేళ్ళ తర్వాత ఆ నోట నీ మాట వచ్చింది. ఆయనకీ తెలిసిపోయింది వచ్చిందని. అటు తిరిగి కిటికీ రెక్క వేశారు, మళ్ళీ తీశారు.

నేను అనేశాను, "దాని పక్కని మీరు మూడేళ్ళు ఖాళీగా పెట్టి ఓడనే వంకర చేశారు. నేను రెండు బద్దలు వేస్తే పాడైపోయిందా?"

ఆయన బద్ద అంచు గోటితో గీకి చూశారు. "వేడినీళ్ళు తే" అన్నారు. గుడ్డ ముంచి జిగురు మెత్తబడేదాకా పట్టుకున్నాం, ఆయన ఒక చివర, నేను ఒక చివర, నిలబడే. రెండూ ఊడదీశాం. మళ్ళీ ఒకటే వేశాం. వేడినీళ్ళతో పాటు పొయ్యెక్కించి వచ్చిన కూర మాడిన వాసన ఇద్దరికీ వచ్చింది, ఎవరూ కదల్లేదు. క్లిప్పులు పెడుతూ నీ ఉత్తరం సంగతి చెప్పాను. ఏప్రిల్, పది రోజులు, మీరు ఊ అంటేనే వస్తుందట, లేకపోతే మళ్ళీ తొమ్మిది నెలలు. ఒక్క గుక్కలో చెప్పేశాను, ఆగితే మళ్ళీ చెప్పలేనని.

ఆయన బద్ద మీంచి కళ్ళెత్తలేదు. పొంగిన జిగురు వేలితో తుడుస్తూ అన్నారు, "రెండు పక్కలా ఇంకా ఉన్నాయి. ఏప్రిల్ దాకా నువ్వూ నేనూ వేద్దాం. కుడి పక్క చివరిది నువ్వు తాకొద్దు. అది దానిది."

"అంటే ఊ అన్నట్టేనా?"

"జిగురు ఆరిపోతోంది. క్లిప్పు ఇయ్యవోయ్."

నాకు తెలిసినంతలో అది ఊ. ఉత్తరం ఆలస్యమవుతుందేమోనని ఈ ఒక్క ముక్క రేపు ఫోనులో కూడా చెబుతాను. మీ ఆఫీసుకి చెప్పేయి. రా.

మీ అమ్మ


ఏప్రిల్ 27, సోమవారం

నీ పక్క దుప్పట్లు ఉతికాను. నువ్వు తెచ్చిన టీ పొడి డబ్బాలో పోశాను. వంట రెండు పూటలా, ఇద్దరికే. చెయ్యి అలవాటుగా ముగ్గురికి వండేసింది.

పిడుగూ,

నువ్వు చూసినదంతా నీకు తెలుసు. తలుపు తీసి ఆయన "వచ్చావా" అన్నారు, నువ్వు "వచ్చా" అన్నావు, నాలుగు రోజులు అదే మాట్లాడుకున్నంత. ఆదివారం చివరి బద్ద నువ్వు పట్టుకుని కూర్చున్నప్పుడు కూడా "కొంచెం కిందికి" తప్ప ఆయన ఏమీ అనలేదు. "నాన్నకింకా కోపం పోలేదమ్మా" అని స్టేషన్లో నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు. అందుకే, నువ్వు వెళ్ళాక జరిగింది నీకు రాయాలి.

స్టేషన్ నుంచి నడిచే వచ్చాం. దారిలో నేనే అడిగాను, పిల్లతో రెండు మాటలు మాట్లాడితే మీ సొమ్మేం పోయేదని. ఆయన కొంతదూరం నడిచాక అన్నారు, "దుకాణం వదిలి వెళ్ళిందని కాదు నా బాధ. ఆ ఉద్యోగానికి రాసిన పరీక్ష, వెళ్ళొచ్చిన ఇంటర్వ్యూ, అన్నీ మనసులో పెట్టుకుని ప్రతి ఆదివారం నా ఎదురుగా కూర్చుంది. ఏడు బద్దలు వేసింది. ఒక్కదాని దగ్గరైనా చెప్పొచ్చుగా నాన్నా వెళ్తున్నానని. నేను అంత కానివాణ్ణా?"

నిజమేనే. అది నీకు నువ్వే ఆలోచించుకోవలసిన సంగతి. కానీ నేను ఊరుకోలేదు. "మీరు మూడేళ్ళు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు. ఆ మూడు బద్దల సంగతి నాకొక్కసారైనా చెప్పారా?" అన్నాను. ఆయన నడక ఆగిపోయింది. మందుల కొట్టు ముందు, జనం మధ్యలో నిలబడిపోయారు. "చెప్పలేదు" అన్నారు. "మీకూ మీ కూతురికీ ఒకటే జబ్బు" అన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. దుకాణం దాకా వెళ్ళొస్తానని మలుపు తిరిగి వెళ్ళిపోయారు.

గంటకి వచ్చారు, నెత్తి మీద కుర్చీతో. గల్లా వెనకది, నీకని కొన్నది. వీధిలో అందరూ చూశారట, ఒకాయన దుకాణం మూసేస్తున్నారా అని కూడా అడిగాడట. దాన్ని కిటికీ బల్లకి మూడో పక్కన దించి తువ్వాలుతో తుడిచారు. "అది ఇక దుకాణంలో కూర్చోవడానికి రాదు. ఖాళీగా పెట్టుకుని ఏం చేస్తాను? నువ్వు కూర్చో" అన్నారు. "ఇక తెరచాప స్తంభాలకి తాళ్ళు ముడెయ్యాలి. నూటికి పైన ముళ్ళుంటాయి. ఆ పని నా వల్లా కాదు, దాని వల్లా కాదు. అది ఈసారి వచ్చేసరికి ముందు స్తంభం నువ్వు పూర్తి చేసెయ్యి."

ఈసారి వచ్చేసరికి. విన్నావా? నేను అడిగి అనిపించుకున్న మాట కాదు.

ఓడ వెన్ను పూర్తిగా సరికాలేదు. ముక్కు ఇప్పటికీ వెంట్రుకవాసి ఎడమకే చూస్తుంది. ఇంకోసారి తడిపి చూద్దామా అంటే, "ఉండనీ" అన్నారు. నీ చివరి బద్ద గట్టిగా ఆరింది, ఉప్పుకాగితం ఆయనే పట్టారు. నువ్వు నీ సంగతి ఆయనకే రాయి, నాకు కాదు. పేపరు అడ్డం పెట్టుకునే చదువుతారు, పేజీ తిప్పకుండా.

ఉంటాను మరి. ముడి నంబరు నాలుగు బిగుసుకుపోయింది, విప్పాలి.

మీ అమ్మ

కుర్చీ బాకీ: ముట్టింది, చెల్లు.