తలుపు మీద అతికించిన నోటీసు

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు గారికి నమస్కారాలు.

బొబ్బిలి రోడ్డులో ఫ్రీజర్ బాక్సుల గది నడుపుతున్నదాన్ని. దూరాన ఉన్న బిడ్డలు వచ్చేదాకా ఊళ్లోవాళ్లు శవాన్ని మా దగ్గరే ఉంచుతారు. మా చర్చివాళ్లయినా, హిందువులైనా లోపలికి తేగానే శవం సెవిలో ఒక మాట సెప్తాను: "ఇది మీ ఇల్లు కాదు. మీవోళ్లు రాగానే ఎల్లిపోవాల." మా అమ్మ నేర్పిన మాట అది. ఇన్నేళ్లూ అందరూ విన్నారు.

మా గదిని ప్రజా సౌకర్యం కింద రాయమని అర్జీ పెట్టాను. ప్రైవేటుది కాబట్టి కుదరదన్నారు. "నివాస గృహం" అని నోటీసు రాసి, సంతకం పెట్టి, మీ మనిషి చేత తలుపుకి అతికించారు.

మర్నాడు జ్ఞానసుందరి టీచరు గారి శవాన్ని తెచ్చారు. కొడుకు వచ్చాడు, సమాధి చేసేం. తిరిగొచ్చి చూస్తే, చుట్టాల కోసం వేసిన కుర్చీలో ఆవిడ కూర్చుని ఉన్నాది. ఎల్లమన్నాను. నోటీసు వైపు చెయ్యి చూపించింది.

ఇప్పుడు కుర్చీలు సాలడం లేదు. నోటీసు చింపేసినా ఎవరూ కదలడం లేదు. సంతకం పెట్టినాయన వచ్చి చెప్పాలంటున్నారు.

ఒక్కసారి వచ్చి, ఇది ఇల్లు కాదని చెప్పండి బాబూ. మీకు వీలుకాకపోతే వాళ్లే ఆఫీసుకి వస్తారట. మీ ఇల్లెక్కడని కూడా అడుగుతున్నారు. నేను ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
గది నడుపుతున్న మనిషి