వెనక నిలబడి కట్టిన చీర

అక్కా,

మన సునీత ఈ రోజు రాయపూర్ పెద్దాసుపత్రిలో నర్సుగా మొదటి డ్యూటీకి వెళ్లింది. నువ్వు పోయాక నేను దాచుకున్న నీ తెల్ల యూనిఫాం చీరే కావాలని పట్టుబట్టింది నా కూతురు.

ఎదురుగా నిలబడి కట్టబోయా. రోజూ నేను కట్టుకునేదీ చీరే, అయినా ముందు ఏ కొస ఎటు దోపాలో తోచలేదు. కట్టి విప్పా, విప్పి కట్టా. చివరికి పమిట ఇక్కడి ఆడవాళ్లకి మల్లే కుడి భుజం మీదికి చేరింది.

"మమ్మీ, జల్దీ! బస్సు పోతుంది," అని దాని గోల.

విసుగొచ్చి దాని వెనక్కి పోయా. రెండు చేతులూ దాని నడుం చుట్టూ వేసి, కళ్లు మూసుకుని, నాకే కట్టుకుంటున్నట్టు మొదలుపెట్టా. చేతులు వాటంతటవే నడిచాయి. దోపడం, చుట్టడం, కుచ్చిళ్లు, పమిట, ఒక్కటీ తప్పలేదు. బుర్రకి అందని వరస చేతులకెలా తెలుసంటావు?

నా పెళ్లినాడు నువ్వూ వెనకే నిలబడి కట్టావు. నీ గడ్డం నా భుజానికి ఆనింది. నీ ఏడుపు నాకు కనబడకూడదనే అలా నిలబడ్డావనుకున్నా ఇన్నేళ్లూ.

నిజం చెప్పు. ఎదురుగా నిలబడి కట్టడం నీకూ రాదు కదూ?