కోసిన చోటే అతుకు

12 జూన్ 1988, ఆదివారం

పళ్ల డాక్టర్ ఇంట్లో ఒక గది నిండా బొమ్మ రైల్వే ఉంది. బల్ల మీద. ఇంజన్ నా అరచేతిలో ఇముడుతుంది. రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే కాంటాలన్నీ విరిగిపోయాయట. జర్మనీ నుంచి తెప్పించడం కుదరడం లేదట. ఒకటి చేసి చూపించమని నాన్నను అడిగాడు. బాగుంటే మిగతా ఎనిమిదీ మనకే, లేకపోతే పుణెలో ఇలాంటివి చేసే మనిషికి.

ఈ మరాఠీ ఊళ్లో మాది కొంతం చౌక్‌లో మోటార్ వైండింగ్ షాపు. కాంటా అంటే ఏమిటో నాన్నకు తెలియదు. అయినా వెంటనే ఒప్పుకున్నాడు. చేయాల్సింది నేను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివింది నేను. డాక్టర్ నా వైపు చూడనైనా లేదు.

15 జూన్

మూడు రోజులు ఆకురాయితోనే సరిపోయింది. కదిలే పట్టా మొన బ్లేడంత పలచగా రావాలి. లేకపోతే చక్రం దాని మీదికెక్కి పడిపోతుంది. రెండు మొనలు పాడుచేశాను. మూడోది కుదిరింది. వేళ్లకు చర్మం లేదు.

16 జూన్, మధ్యాహ్నం 3

అసలు తలనొప్పి వైరింగ్. ఒక పట్టాలో ప్లస్, ఇంకో పట్టాలో మైనస్. లైన్లు చీలే చోట రెండూ ఒకదాన్నొకటి దాటుతాయి. అక్కడ పట్టాను సన్నగా కోసి, మధ్య ముక్కకు విడిగా స్విచ్ నుంచి కరెంటు ఇవ్వాలి. కాంటా తిప్పితే ఆ స్విచ్ కూడా తిరగాలి. కోశాను. డాక్టర్ ఇచ్చిన ఇంజన్ ఆగకుండా దాటింది.

నాన్న వచ్చి చూశాడు. “పట్టా కోస్తే కరెంటెట్ల పోతది? ఏం చదువు చదివినవే” అన్నాడు.

17 జూన్

ఫ్యూజ్ పోయింది. కోసిన సందులో అతుకు సీసం నిండి ఉంది. నేనే పొరపాటున పడేశాననుకుని మళ్లీ కోశాను.

18 జూన్

మళ్లీ ఫ్యూజ్. మళ్లీ అక్కడే సీసం.

20 జూన్

ఇక నాన్ననే అడిగాను. దాచలేదు. “తెగిన పట్టా చూస్కుంట ఊకుంటనా? అతికిన. నలభై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న” అన్నాడు. అరిచాను. తర్వాత నేల మీద సుద్దతో గీసి చెప్పాను. ప్లస్ ఇక్కడ, మైనస్ ఇక్కడ, కలిస్తే షార్ట్. తల ఊపాడు. అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది. ఇంటికొచ్చి చెబితే అమ్మ బీడీలు చుడుతూనే, నీకన్నా ఆయన మొండి, ఆయనకన్నా నువ్వు మొండి అంది. ఆమె తీర్పులు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి.

22 జూన్

మూడోసారి అతికాడు.

కోపంతో ఆ అతుకును భూతద్దం కింద పెట్టాను. నాన్న అతుకు నీటిబొట్టులా గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది. ఊళ్లో ఎవరికీ అలా రాదు. ఇది ఒక గడ్డ. పక్కన చెక్క మీద మూడు చోట్ల కాలిన మచ్చలు. సీసం కరిగించే కడ్డీ జారింది అనుకోవడానికి లేదు, మూడుసార్లు జారదు.

దసరా నుంచి సన్న తీగ పనంతా నాకే ఇస్తున్నాడు. కళ్లద్దాలు సరిపోవడం లేదంటాడు. కళ్లు కాదు. చేయి వణుకుతోంది.

నా కోపం పోలేదు. అలాగని ఎవరి మీద చూపించను? సీసం తీసి మళ్లీ కోశాను.

25 జూన్, సాయంత్రం

డాక్టర్ ఇంట్లో కాంటా బిగించాం. ఇంజన్ చీమలా పాకుతూ దాటింది. కాంటా తిప్పాను. రెండో లైనులోకి వెళ్లింది. ఎక్కడా ఆగలేదు. డాక్టర్ నాన్న భుజం తట్టి, పాత పేటల పనివాళ్ల చేతులే వేరు మల్లేశం అని మరాఠీలో మెచ్చుకున్నాడు.

నాన్న రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. నాది కాదు సాబ్, బిడ్డ చేసింది, నేను మూడుసార్లు చెడగొట్టిన అన్నాడు. అదీ మరాఠీలోనే, మామూలుగా, మోటార్ రేపు ఇస్తానన్నట్టు.

డాక్టర్ మొదటిసారి నా వైపు తిరిగి పేరడిగాడు. చంద్రభాగ అన్నాను.

ఆటోలో ఇంటికి బయల్దేరాం. మా భవాని పేట్ దగ్గరపడ్డాక నాన్న, “ఆ నడిమి ముక్కకు కరెంటెట్ల వస్తది, మళ్లొకసారి చెప్పు” అన్నాడు. చెప్పాను. ఈసారి మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు.

2 జూలై

మిగతా ఎనిమిదీ మాకే వచ్చాయి. ఇది రెండో కాంటా. నాన్న స్టూలేసుకుని పక్కనే కూర్చున్నాడు. మూడు తప్పులు పట్టాడు. వాటిలో రెండు తప్పులు కావు. ఒకటి తప్పే.