తాతయ్య తిప్పిన నాబ్

సోలో నగరం,
ఆదివారం ఉదయం

నాయనా దమర్,

తాతయ్యకు నాబ్ తిప్పడం చేతకావడం లేదేమోనని కిందటి ఉత్తరంలో రాశావు. తప్పు. ఆయన తిప్పుతూనే ఉన్నారు. నువ్వు తయారుచేసిన పాటల పెట్టే దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, ఆ మాత్రం తేడా నాకు తెలుస్తుంది.

ఇక క్షేమ సమాచారం. నా మోకాళ్ళు, పిల్లి, పెరట్లో బొప్పాయి చెట్టు క్షేమం. మీ తాతయ్య గురించి ఆ మాట రాయలేను. ఫోన్ చేయక ఉత్తరమెందుకని అడుగుతావేమో. పక్షవాతం ఆయన మాట తీసుకుపోయింది కానీ చెవులు వదిలేసింది. ఈ రెండు గదుల ఇంట్లో నేనేం మాట్లాడినా ఆయన వింటారు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. తీగలేవీ ఊడలేదు, ఒక్కొక్కటీ లాగి చూశాను. స్పిరిట్‌తో తుడిచాను. ఆపి మళ్ళీ పెట్టాను, నాలుగుసార్లు. నేను తిప్పితే బుద్ధిగా పనిచేస్తుంది. ఆయన తిప్పుతుంటే పెట్టె చిన్న తెర మీద శబ్దం అంకె చూశాను: ముప్ఫై, ముప్ఫై ఒకటి, ముప్ఫై, ఇరవై తొమ్మిది, మళ్ళీ ముప్ఫై. ఆయన చెయ్యి వణుకుతుంది కదా. ఒక మెట్టు ముందుకు, ఒక మెట్టు వెనక్కి. ఆ వేగంలో నీ పెట్టె ముందుకు పడ్డ మెట్లు కొన్ని వదిలేసి, కూడి, తీసివేసి, సున్నా అంటుంది. పావుగంట చెమటోడ్చిన మనిషికి సున్నా.

ఎడమ చేత్తో తిప్పించమని కూడా సలహా ఇచ్చావు. అతిథికి గ్లాసుడు టీ అయినా ఎడమ చేత్తో ఇచ్చి ఎరగని మనిషి, నలభై ఏళ్ళు కెరొంచోంగ్ పాటల బృందంలో కుడి చేత్తో చెల్లో తీగలు మీటిన మనిషి, తన పాట పెంచడానికి ఆ ఎడమ చెయ్యి చాస్తారా? వినార్ని అని రోజూ వచ్చే నర్సు కూడా చెప్పి చూసింది. ఆయన ఎడమ చేతిని దుప్పటి కింద దాచుకున్నారు. వాకిట్లోకి వచ్చాక ఆమె నాతో, "కుడి చెయ్యి కదిపేది ఒక్క ఆ పెట్టె కోసమేనమ్మా. ఈ నెల కదపకపోతే పిడికిలి బిగుసుకుపోద్ది, ఇంక తెరవలేం" అంది.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచింది చెబుతాను. కుర్చీలోంచే శబ్దం పెంచుకోవచ్చని నా ఫోన్‌లో ఒక మీట పెట్టి వెళ్ళావు. పన్నెండు రోజులు ఆ ఫోన్‌ను శాలువా కింద పట్టుకుని కూర్చున్నాను. ఆయన నాబ్ తిప్పుతారు, నేను పెంచుతాను. ఎప్పుడు పెంచాలో తెలియడానికి చదువు అక్కర్లేదు. పెట్టెలోవి ఆయన బృందం పాటలే కదా, తన చెల్లో వంతు రాగానే పెంచుతారు, గాయని అందుకోగానే తగ్గిస్తారు. బృందంలో ఉన్నప్పుడూ ఆయన న్యాయం అదే. ఆ పన్నెండు రోజులూ ఆయన నవ్వారు దమర్. కొబ్బరిపాల జావ గిన్నె అడుగంటా తిన్నారు.

పదమూడో రోజు ఆయన వంతు వచ్చింది. అలవాటుగా పెంచాను. అప్పుడు చూశాను, ఆయన నాబ్‌ను తగ్గించే వైపు తిప్పుతున్నారు. నాకే పరీక్ష పెట్టారు. నా వైపు తిరిగి, ఆరు నెలల్లో మొదటి మాట అన్నారు: "నువ్వేనా."

చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తొమ్మిది రోజులైంది. పెట్టెకు దుమ్ము పట్టింది. వినార్ని తినిపిస్తే మూడు చెంచాలు, నేను తినిపిస్తే ఒకటి. వేళ్ళు లోపలికి ముడుచుకోవడం మొదలైంది. నాకు భయంగా ఉంది. ఈ మాట నీకెప్పుడూ రాసి ఎరగను.

శనివారం రైలుకు రా. ముందు నా ఫోన్‌లోది ఆయన చూస్తుండగా తీసెయ్. నేను బతిమాలినా మళ్ళీ పెట్టకు. తర్వాత ఆయన ఎదుటే కూర్చుని కొత్త నాబ్ బిగించు.

దానికోసం ఈ ఉత్తరం అందగానే మీ సురబయలో పాత రేడియో సామాన్ల బజారుకు వెళ్ళు. మెట్లు లెక్కపెట్టేది వద్దు. పాత రేడియోల్లో ఉండే రకం, రెండు చివర్లా ఆగేది తీసుకో. అది వణుకుకు కాస్త ఊగినా, వెళ్ళిన దూరాన్ని పోగొట్టదు. దాన్ని చదివే చిప్పు ఏదో నువ్వే చూసుకో. పట్టు పెద్దదిగా, అంచున గాట్లతో ఉండాలి. కొనేముందు కొట్లోనే, నీ కుడి చెయ్యి వణికిస్తూ తిప్పి చూడు. కొట్టువాడు నవ్వితే నవ్వనీ.

ఇట్లు,
నీ రైలు కోసం కాచుకునే
నాయనమ్మ