నేను కూలీలని రాసిన ఫోటో

మంగళవారం, రాత్రి

మ్యూజియంల నాతోటి పనిచేసే కవితను తలుచుకుంటే కడుపు మండుతున్నది. ఇయ్యాల మీటింగ్‌ల అందరు దానికే చప్పట్లు కొట్టిన్రు. పాత తవ్వకాలల్ల పనిచేసిన ఆడోళ్ల పేర్లు వెతుకుతున్నది కదా, ఒక ఫోటో పట్టుకొని బహదూర్‌పురా గల్లీలన్నీ తిరిగితే, అండ్ల కొంగు కప్పుకున్నామె మా అమ్మమ్మేనని తేలిందట! ఆ ఫోటో కింద "కూలీలు" అని టైపు చేసింది నేనే. మొఖం గూడ చూడలే.

నేను డ్యూటీల ఉన్నప్పుడు మా ఇంట్లనే రెండు గంటలు కూసున్నదట. దానికి సొంత అమ్మమ్మ లేదా ఏంది? తవ్వకంల దొరికిన తునకను నాలుకకు ఆనిస్తే, బొక్క, అంటే ఎముకయితే అంటుకుంటది, రాయయితే అంటుకోదని చెప్పిందట అమ్మమ్మ. తవ్వించే సార్లు గూడ ఆమెను అడిగే రాసుకునేటోళ్లట.

ఇంట్ల పూస దొరికినా, గుండీ దొరికినా అమ్మమ్మ నాలుకకు ఆనిస్తుంటే, "ఛీ, ఏం అలవాటే అది" అని నేను ఎన్నిసార్లు కసిరిన్నో.

ఇంటికొచ్చి, "నాకెందుకు చెప్పలే అమ్మమ్మా?" అని అడిగిన. అమ్మమ్మ అన్నం కలుపుకుంట, "ఆ పిల్ల మల్ల ఎప్పుడొస్తది బిడ్డా?" అన్నది.